కల్చర్‌లో ఏమీ పెరగలేదు... డీఎన్‌ఏ టెస్టు చేయించాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. 12 ఏళ్లుగా షుగర్ ఉంది. వరి సాగు చేస్తారు. 16 రోజులుగా సాయంత్రం అయ్యేసరికి చలితో జ్వరం వస్తోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఐదు రోజులు సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. తర్వాత మెడికల్ షాపులో అడిగి మూడు రోజులు మాత్రలు వాడాం. టౌన్‌లో ఆసుపత్రిలో చేర్చి బ్లడ్ కల్చర్ చేయిస్తే ఐదు రోజులకు ‘ఏ బ్యాక్టీరియా పెరగలేదు’ అని వచ్చింది. రక్తంలోని బ్యాక్టీరియాను డీఎన్‌ఏ సీక్వెన్సింగ్‌తో కనిపెట్టే టెస్టు ఉందని, శాంపిల్ బయటికి పంపాలని అంటున్నారు. కల్చర్ కంటే అదే మంచిదైతే ముందే ఎందుకు చేయలేదు? అంత డబ్బు పెట్టొచ్చా? ప్రస్తుతం డిశ్చార్జి చేయించుకుని ఇంటికి తెచ్చాం. రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు, కాస్త మగతగా ఉంటున్నారు.
– ఒక పాఠకుడు, బాపట్ల జిల్లా

జవాబు: మీ చివరి వాక్యంతో మొదలుపెడతాను. షుగర్ ఉన్న మనిషి, 16 రోజుల జ్వరం, తిండి లేదు, పైగా మగత. ఆయన ఇంట్లో ఉండాల్సిన మనిషి కాదు. ఉత్తరం చదవగానే ఈ పోర్టల్ వాళ్లతో మీకు ఫోన్ చేయించాను. ఈపాటికి చేర్పించే ఉంటారనుకుంటాను. ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్లు ఇంకెవరైనా ఇది చదువుతుంటే వాళ్లకూ అదే మాట. మగత, ఆయాసం, మూత్రం తగ్గడం, కాళ్లూ చేతులూ చల్లబడటం, వీటిలో ఏది కనిపించినా సెప్సిస్‌ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) అని అనుమానించాలి. మగతకు షుగర్ విపరీతంగా పెరగడమో పడిపోవడమో కూడా కారణం కావచ్చు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఒకసారి చూసి బయల్దేరండి. సెప్సిస్‌లో బీపీ పడిపోతే గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కించాలని 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. డీఎన్‌ఏ రిపోర్టు వచ్చేదాకా మందు లేకుండా ఎవరూ కూర్చోరు, కూర్చోకూడదు.

ఇక టెస్టు సంగతి. కల్చర్ అంటే రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలో వేసి, మెషిన్‌లో వెచ్చగా ఉంచి, బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూడటం. పెరగాలంటే అది బతికి ఉండాలి. పెద్దవాళ్లలో ఒక మిల్లీలీటరు రక్తంలో ఉండేవి పదికి లోపే, చాలాసార్లు ఒకటో రెండో. అందుకే సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల చొప్పున, రెండు చేతుల నుంచీ రెండేసి సీసాలు తీయమంటాం. అన్నీ కలిపితే 40 మిల్లీలీటర్ల దాకా అవుతుంది. ‘అంత రక్తమా’ అని బంధువులు నర్సుతో తగువు పెట్టుకుంటారు. దాంతో చాలాచోట్ల ఒకే సీసాలో ఐదు మిల్లీలీటర్లు వేసి పంపేస్తారు. మీ నాన్నగారికి ఎన్ని సీసాలు తీశారో అడగండి. ఒక్క సీసా మీద వచ్చిన ‘పెరగలేదు’ను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను.

అంతకన్నా పెద్ద చిక్కు, ఎనిమిది రోజుల యాంటీబయాటిక్ ఒంట్లోకి వెళ్లాక తీసిన రక్తం అది. కెనడా, అమెరికా ఆసుపత్రుల్లో చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. తీవ్రమైన సెప్సిస్ ఉన్న 325 మందికి మందు ఇవ్వకముందు ఒకసారి, ఇచ్చిన రెండు గంటల్లోపు మరోసారి కల్చర్ చేశారు. ముందు తీసిన రక్తంలో 102 మందికి క్రిమి దొరికితే, తర్వాత తీసినదాంట్లో 63 మందికే దొరికింది. రెండు గంటలకే ఇంత తేడా! మీరు ఎనిమిది రోజులు వాడారు. జ్వరం మూడో రోజున రెండు సీసాల రక్తం తీసి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన అవసరమే వచ్చేది కాదేమో. మిమ్మల్ని నొప్పించాలని కాదు, రోజుకు ఇద్దరు ముగ్గురు ఇదే కథతో వస్తారు. టైఫాయిడ్ అన్నారనో, దానికి చేసే వైడల్ రక్తపరీక్ష పాజిటివ్ అన్నారనో సూదులు వేయించుకుని, అవి పనిచేయక మా దగ్గరికి వస్తారు. అప్పటికి క్రిమి ఎక్కడో నక్కి ఉంటుంది, రక్తంలో దొరకదు.

డీఎన్‌ఏ పరీక్షకు క్రిమి బతికి ఉండనక్కర్లేదు. అదే దాని బలం. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి 16ఎస్ పరీక్ష. దాదాపు అన్ని బ్యాక్టీరియాల్లోనూ ఉండే, సుమారు 1,500 డీఎన్‌ఏ అక్షరాల పొడవున్న ఒక జన్యువును చదివి పేరు చెబుతారు. చీము, గుండె కవాటం ముక్క లాంటి నమూనాల్లో ఇది బాగా పనికొస్తుంది. నేరుగా రక్తంలో అంతగా కాదు. రెండోది మెటాజినోమిక్స్. రక్తరసంలో తేలాడే డీఎన్‌ఏ ముక్కలను లక్షల్లో చదువుతారు. వాటిలో నూటికి 90కి పైగా పేషెంటువే. మిగిలిన కాసిన్నింటిని కంప్యూటర్‌లోని క్రిముల పట్టికతో పోల్చి చూస్తారు. 2014లో అమెరికాలో 14 ఏళ్ల బాలుడి మెదడువాపుకు కారణం ఎన్ని పరీక్షలు చేసినా తేలకపోతే, వెన్నునీటిని ఇలా చదివి, నమూనా అందిన 48 గంటల్లో లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా అని పట్టుకున్నారు. పెన్సిలిన్‌తో కోలుకున్నాడు. మన వరి పొలాల్లో ఎలుకల మూత్రం నుంచి వచ్చేదీ అదే.

అలాగని కల్చర్ పని అయిపోలేదు. డీఎన్‌ఏ టెస్టు క్రిమి పేరు చెబుతుంది, మందులకు లొంగకుండా చేసే కొన్ని జన్యువులనూ చూపిస్తుంది. కానీ ఏ మందుకు లొంగుతుంది, దేనికి మొండికేస్తుంది అన్నది గట్టిగా చెప్పేది పెరిగిన క్రిమి మీద చేసే పరీక్షే. ‘క్లెబ్సియెల్లా’ అనే బ్యాక్టీరియా పేరు ఒక్కటే తెలిస్తే, మందులకు లొంగని రకాలు ఎక్కువున్న మన దేశంలో సగం పనే అయినట్టు. పైగా చర్మం మీద ఉండే బ్యాక్టీరియా, ల్యాబ్ కిట్‌లోని డీఎన్‌ఏ, ఎప్పుడో చచ్చిన క్రిమి ముక్కలు కూడా రిపోర్టులోకి ఎక్కుతాయి. ఐదారు పేర్ల జాబితా పట్టుకుని ‘అయ్యో, ఇన్ని ఇన్‌ఫెక్షన్లా’ అని ఏడ్చినవాళ్లను చూశాను. అది చదవాల్సింది పేషెంటును చూస్తున్న డాక్టరు. ముందే ఎందుకు చేయలేదన్న ప్రశ్నకూ ఇదే జవాబు.

మీ ఉత్తరంలో నన్ను తొలిచేది వేరే ఉంది. షుగర్, వరి పొలం, సెఫ్‌ట్రయాక్సోన్‌తో తగ్గినట్టే తగ్గి తిరగబెట్టిన జ్వరం. మెలియాయిడోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు అయ్యుండొచ్చు. 2025లో గుంటూరు జిల్లా తురకపాలెం మరణాలప్పుడు అనుమానం మీద పేపర్లలో వచ్చిన పేరే అది. బురదలో ఉండే ఈ క్రిమి కల్చర్‌లో పెరుగుతుంది కానీ సూడోమోనాస్ అనే వేరే బ్యాక్టీరియా అనో, శాంపిల్ కలుషితం అయిందనో పక్కన పెట్టేస్తుంటారు. దానికి మందులు వేరు, సూదుల తర్వాత కనీసం మూడు నెలలు మాత్రలు వాడాలి. కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలు ఉన్నాయేమో అల్ట్రాసౌండ్ చేసి చూడాలి. గడ్డ దొరికితే ఆ చీమునే కల్చర్‌కు, 16ఎస్‌కు పంపడం రక్తం పంపడం కన్నా మేలు. గుండె కవాటాలకు ఎకో కూడా కావాలి.

ఇంకో అనుమానం స్క్రబ్ టైఫస్. నల్లి లాంటి చిన్న పురుగు కుడితే వచ్చే ఈ జ్వరం క్రిమి మామూలు కల్చర్‌లో అసలు పెరగదు, కుట్టినచోట నల్లటి పెచ్చు కడుతుంది. పోయిన వర్షాకాలం మా వార్డులో ఒకావిడ జ్వరం పదకొండు రోజులైనా అంతు చిక్కలేదు. పెద్ద టెస్టుకు రక్తం పంపే ఏర్పాట్లు జరుగుతుంటే, ఒళ్లు తుడుస్తున్న ఆయమ్మ చంకలో నల్లటి పెచ్చు చూసి పిలిచింది. సిగరెట్‌తో కాల్చినట్టు, చుట్టూ ఎర్రగా, నొప్పి లేకుండా ఉంది. స్క్రబ్ టైఫస్ అని డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రెండో రోజుకు జ్వరం దిగింది. మీ నాన్నగారి చంకలు, గజ్జలు, చెవుల వెనుక, మొలతాడు కింద ఎవరైనా చూశారా?

చూడకుండా చెబుతున్న మాటలివి, వీటిని మందుల చీటీగా వాడకండి. అక్కడి డాక్టరు ఇవన్నీ అయ్యాక కూడా తేలలేదంటే అప్పుడు డీఎన్‌ఏ టెస్టుకు పెట్టే డబ్బు దండగ కాదు. కల్చర్ మళ్లీ చేయాలంటే మందు కొంతకాలం ఆపాలా అన్నది కూడా ఆయనే తేల్చాలి, మీరు సొంతంగా ఆపొద్దు. వెళ్లేటప్పుడు ఆర్‌ఎంపీ గారు వేసిన సూదుల పేరు, డోసు, తేదీలు ఒక కాగితం మీద రాయించుకోండి. మాత్రల స్ట్రిప్‌లు పారేసి ఉంటే, కొన్న షాపుకే వెళ్లి పేరు అడగండి. అమ్మకంపై ప్రత్యేక నిఘా ఉండే హెచ్1 జాబితాలోని మందు అయితే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిదీ రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. చీటీ అడగకుండా ఇచ్చిన షాపాయన రిజిస్టర్‌లో రాసి ఉంటాడన్న ఆశ నాకు తక్కువే, అయినా అడగండి.