వాన అవకాశం 40 శాతం అన్నప్పుడు ఆకాశంలో ఏం చూడాలి?

"ఫోన్‌లో వాన అవకాశం 40 శాతం అని చూపిస్తుంది. మా ఇంటి మీద చుక్క పడదు, రెండు వీధుల అవతల మాత్రం కుండపోత. మబ్బుల్ని చూసి మనమే చెప్పుకోగలమా?" అని అడిగారు. గంట, రెండు గంటల ముందైతే చాలావరకు చెప్పుకోవచ్చు. రేపటి సంగతి మాత్రం ఫోర్‌కాస్ట్‌కే వదిలేయాలి. నేను చాలా ఏళ్లుగా రెండింటినీ కలిపి చూస్తున్నాను. ఏ ఒక్కదాన్నో నమ్ముకోవడం కంటే ఇదే నయం.

ముందు ఆ 40 శాతం సంగతి. రోజులో 40 శాతం సేపు వాన పడుతుందని కాదు. చెప్పిన సమయంలో మీరున్న చోట వాన పడే అవకాశం పదింట నాలుగు పాళ్లు అని. అంటే పడకపోవడానికే ఎక్కువ అవకాశం. పైగా కంప్యూటర్ మోడల్ ఆకాశాన్ని గడులుగా విడగొట్టి లెక్క కడుతుంది. బాగా పేరున్న యూరప్ మోడల్‌లో కూడా ఒక్కో గడి సుమారు 9 కిలోమీటర్లు ఉంటుంది. మధ్యాహ్నం లేచే మబ్బేమో చాలాసార్లు కిలోమీటరు, రెండు కిలోమీటర్ల వెడల్పే. గడిలో అది ఏ మూల లేస్తుందో మోడల్‌కి తెలియదు, మీ కంటికి తెలుస్తుంది. అందుకే చుక్క పడనంత మాత్రాన ఫోర్‌కాస్ట్ తప్పింది అనేస్తే నేను ఒప్పుకోను. గాలిలో తేమ ఉందా, అది పైకి లేచే పరిస్థితి ఉందా అన్నది అది బాగానే చెబుతుంది.

ఇక మబ్బు పుట్టుక. గాలి పైకి పోయేకొద్దీ చుట్టూ ఒత్తిడి తగ్గుతుంది, గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున తగ్గుతూ పోతే, ఒక ఎత్తులో అందులోని ఆవిరి ఇక ఆవిరిగా నిలవలేదు. దుమ్ము, ఉప్పు, పొగ రేణువుల మీద సన్నటి నీటి బిందువులుగా చేరుతుంది. మబ్బు అడుగు మొదలయ్యేది అక్కడే. మధ్యాహ్నపు దూదిమబ్బులన్నిటికీ అడుగు ఒకే ఎత్తులో, గీత గీసినట్టు ఉండేది ఇందుకే.

ఆ ఎత్తును మీరే లెక్కేసుకోవచ్చు. చాలా యాప్‌లలో ఉష్ణోగ్రత కింద డ్యూ పాయింట్ అని ఇంకో అంకె ఉంటుంది. గాలి ఎంతవరకు చల్లబడితే అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రత అది. రెండింటి తేడాను 125తో గుణిస్తే అడుగు ఎత్తు ఉజ్జాయింపుగా మీటర్లలో వస్తుంది. ఉష్ణోగ్రత 34, డ్యూ పాయింట్ 26 అయితే 1000 మీటర్లు. డ్యూ పాయింట్ 14 అయితే 2500 మీటర్లు. నేను మధ్యాహ్నం తప్పకుండా చూసే అంకె ఇదే. తేడా తక్కువగా ఉండి ఉక్కపోస్తుంటే మబ్బుకు మేత దండిగా ఉన్నట్టు. తేడా బాగా ఎక్కువగా ఉంటే వాన జారుతున్నట్టు కనిపించినా సగం దారిలోనే ఆవిరైపోవచ్చు.

గాలి ఎలా పైకి లేచిందో దాన్ని బట్టే మబ్బు ఆకారం. నేల వేడెక్కి గాలి బుడగల్లా లేస్తే కుప్పలుగా వచ్చేవి క్యుములస్. విశాలమైన గాలి పొర మెల్లగా లేస్తే పరుపుగా పరుచుకునేవి స్ట్రాటస్ రకం. బాగా ఎత్తులో మంచు స్ఫటికాలతో పీచులా ఉండేవి సిర్రస్. లండన్‌లో మందుల వ్యాపారం చేసిన లూక్ హోవార్డ్ 1802లో ఈ పేర్లు ప్రతిపాదించాడు. ఇప్పుడు ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కలో ప్రధాన జాతులు 10. అన్నీ బట్టీ పట్టనక్కర్లేదు.

మీ ప్రశ్నకు అసలు జవాబు క్యుములస్‌లో ఉంది. ఒక్క మబ్బును ఎంచుకుని, స్తంభమో గోడ అంచో ఆనవాలుగా పెట్టుకుని పది నిమిషాలు కదలకుండా చూడండి. వెడల్పు కంటే ఎత్తు తక్కువగా ఉండి, అంచులు చిరిగిపోతుంటే అది కరిగిపోయేదే. ఎత్తే ఎక్కువై, పైభాగం కాలీఫ్లవర్‌లా గట్టిగా, అంచులు పదునుగా ఉంటే ఇంకా పెరుగుతోంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు వేడి బయటికొస్తుంది, ఆ వేడే దాన్ని ఇంకా పైకి తోస్తుంది. తర్వాత వచ్చే మార్పును మాత్రం వదలకండి. ఆ పదునైన శిఖరం మెత్తబడి, పీచులు పీచులుగా మసకబారుతుంది. అక్కడి నీరు మంచుగా మారుతోందన్నమాట. అది క్యుములోనింబస్ అయిపోయింది, ఉరుములు, వాన ఇక దగ్గర్లోనే. శిఖరం ఇంకా ఎదిగి, పైన అడ్డుపడ్డట్టు దాగలి ఆకారంలో పరుచుకుంటే అది పూర్తిగా ఎదిగిన ఉరుముల మబ్బు.

రెండు వీధుల అవతలే ఎందుకు పడుతుందంటే, ఇలాంటి ఒంటరి మబ్బు ఆయుష్షు మహా అయితే గంట. పడే వాన చుట్టూ గాలిని చల్లబరుస్తుంది. ఆ చల్లగాలి బరువెక్కి కిందికి దూకి, మబ్బుకు అందే వెచ్చని గాలిని తెగ్గొడుతుంది. అదే చల్లగాలి నేల మీద పరుగెడుతూ ఎదురొచ్చిన వెచ్చని గాలిని పైకెత్తితే పక్కన ఇంకో మబ్బు పుడుతుంది. వానకు ముందు మీకు తగిలే ఈదురుగాలి అదే. ఉరుము వినిపించిందంటే పిడుగు అందేంత దూరంలో ఉన్నట్టే, లోపలికి వెళ్లిపోండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే బయటికి రండి.

పొరల మబ్బుల తీరు వేరు. ముందు సిర్రస్, తర్వాత చంద్రుడి చుట్టూ గుడి కట్టే పలచని పొర, ఆ తర్వాత సూర్యుణ్ణి మసకగా చూపించే ఆల్టోస్ట్రాటస్, చివరికి ఆగకుండా కురిసే నింబోస్ట్రాటస్. ఈ వరసలో వస్తుంటే ఫోర్‌కాస్ట్‌ను బాగా నమ్మవచ్చు. అంత పెద్ద వ్యవస్థ మోడల్ కళ్లు దాటిపోవడం అరుదు. ఒక్క గుడి చూసి మాత్రం వాన అని తేల్చేయకండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన గుర్తు ఉదయం కనిపిస్తుంది. మధ్య ఎత్తులో చిన్న చిన్న మబ్బులు వరసగా నిలబడి, ఒక్కోదాని మీద బురుజులు లేచి ఉంటే పైగాలిలో అస్థిరత ఉన్నట్టు, అంటే అక్కడ గాలి తేలిగ్గా పైకి లేచే పరిస్థితి ఉన్నట్టు. ఆ రోజు ఫోర్‌కాస్ట్ 40 అన్నా నేను గొడుగు పట్టుకెళ్తాను.

మీ వైపు వచ్చేది ఏ మబ్బో తేల్చుకోవడానికి ముఖానికి తగిలే గాలిని నమ్మకండి. మధ్య ఎత్తు మబ్బులు ఎటు కదులుతున్నాయో చూడండి, వాన ఎక్కడ పడుతోందో చూపే రాడార్‌లో గత అరగంట బొమ్మలు వరసగా తిప్పి చూడండి. రెండూ మీ వైపే వస్తున్నట్టు చెబితే ఆరేసిన బట్టలు తీసేయొచ్చు.