అంకెలు తర్వాత, ముందు చంకల కింద జిప్పులు చూడండి

సియాటిల్‌కు కొత్తగా వచ్చిన ఒక సోదరి, ఒకే పూటలో ఎండా వానా రెండూ చూపించే ఈ ప్రాంతంలో మౌంటెన్ బైకింగ్‌కు నీటిని ఆపే శక్తి 10,000 మిల్లీమీటర్లుగా రాసి ఉన్న వాన జాకెట్ సరిపోతుందా, 20,000ది కొనాలా అని అడిగారు. సియాటిల్ పక్కనున్న ఇసక్వాలో ఉంటూ చాలా ఏళ్లుగా టైగర్ మౌంటెన్ మీద సైకిల్ తొక్కుతున్న నా దృష్టిలో ఆ ప్రశ్నే రెండోది. లోపలికి గాలి ఆడేలా తెరుచుకునే జిప్పులు చంకల కింద ఉన్నాయా లేవా అన్నది మొదటిది.

ఆ అంకె చెప్పేది బట్ట ఎంత నీటి ఒత్తిడిని ఆపగలదన్నది మాత్రమే. ఇక్కడ కురిసేది చాలావరకు ముసురే కాబట్టి 10,000 హాయిగా సరిపోతుంది. కొండ ఎక్కే మనిషిని వాన కన్నా ముందు చెమట తడుపుతుంది.

ఒక అక్టోబరు ఉదయం హైవే 18 పక్కనున్న టైగర్ సమ్మిట్ నుంచి నేనూ నా స్నేహితురాలూ బయలుదేరాం. కింద చక్కటి ఎండ కాస్తోంది. మాస్టర్ లింక్ దారిలో ఎక్కుతుండగా చెట్ల మధ్య పొగమంచు కమ్మి, ఆపైన ముసురు పట్టింది. ఆమె అప్పుడే కొన్న ఖరీదైన మూడు పొరల (పై బట్ట, నీటిని ఆపే పొర, లోపలి అస్తరు కలిపి అతికిన) జాకెట్‌కు మెడ దాకా జిప్పు వేసుకుంది. పైన ఆగి విప్పి చూస్తే, మోచేతుల నుంచి మణికట్ల దాకా లోపలి వైపంతా నీటి బొట్లు పట్టి ఉన్నాయి. చేయి కిందికి దించగానే అవి వేళ్ల మీదికి కారాయి. "అక్కా, ఇది కారుతోంది, రేపే తిరిగి ఇచ్చేస్తాను" అంది. ఇద్దరం కలిసి కుట్లన్నీ వెతికాం, నీరు దూరకుండా వాటి మీద అతికించిన టేపు ఎక్కడా ఊడలేదు. ఆ నీరంతా ఆమె చెమటే. పై బట్ట నానిపోయి, బయటి గాలి కూడా తేమతో నిండి ఉన్నప్పుడు, ఎంత గొప్ప పొరైనా లోపలి ఆవిరిని బయటికి సరిగా పంపలేదు. అప్పుడు పనిచేసేది గాలి ఆడే దారి ఒక్కటే. నా పాత రెండున్నర పొరల (అస్తరు బదులు పలుచని పూత మాత్రమే ఉన్న) జాకెట్ చంక జిప్పులు ఎక్కినంతసేపూ తెరిచి ఉంచి, దిగే ముందు మూసుకున్నాను. 1,000 అడుగులు ఎక్కితే సగటున 3.5 ఫారెన్‌హీట్ డిగ్రీల దాకా చల్లబడుతుంది, పైగా దిగేటప్పుడు ఎదురుగాలి. తడి బట్టలతో ఆమె వణుకుతూనే కిందికి వచ్చింది.

నాకు కోపం తెప్పించే సంగతి మరొకటుంది. కొన్ని కంపెనీలు పురుషుల జాకెట్‌కు చంక జిప్పులు పెట్టి, అదే జాకెట్‌ను స్త్రీలకు కుట్టేటప్పుడు వాటిని తీసేసి, నడుము దగ్గర సన్నం చేసి, జేబులు కుదించి, ధర మాత్రం పైసా తగ్గించకుండా అమ్ముతాయి. అలాంటిదే ఎదురైతే మొహమాటం లేకుండా పురుషుల విభాగంలో చిన్న సైజు వేసుకుని చూడండి. తుంటి దగ్గర పట్టేస్తుంటే, ముందు జిప్పు కింది నుంచి కూడా తెరుచుకునేది ఎంచుకోండి. దుకాణంలో అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకుంటే ఏమీ తెలియదు. హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి చేతులు చాచండి: వీపు దగ్గర బిగుసుకోకూడదు, ముంజేయి బయటపడకూడదు, నడుము వెనక భాగం కప్పి ఉండాలి, ఎందుకంటే వెనక చక్రం చిమ్మే బురదంతా అక్కడే పడుతుంది. హెల్మెట్ మీదుగా వేసుకునే పెద్ద హుడ్ దిగేటప్పుడు గాలికి గొడుగులా ఉబ్బుతుంది. హెల్మెట్ లోపల ఇమిడే పలుచని హుడ్డే నయం.

కొన్నాక ఉతకడం విషయంలో జాగ్రత్త అవసరం. 2025 జనవరి 1 నుంచి కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు దుస్తుల్లో నీటినీ జిడ్డునూ ఆపడానికి వాడే పీఫాస్ రసాయనాలను చాలావరకు నిషేధించడంతో, కొత్త జాకెట్ల పై పూతలు నీటిని ఆపుతున్నా చర్మపు జిడ్డునూ చైన్ ఆయిల్‌నూ అంతగా ఆపడం లేదు. అందుకే వీటిని పాతవాటి కన్నా తరచుగా ఉతకాలి. అయితే సాఫ్ట్‌నర్ మాత్రం వేయకూడదు. మా అత్తయ్యగారు ప్రేమకొద్దీ నా జాకెట్‌ను సువాసనల సాఫ్ట్‌నర్‌తో ఉతికి ఇచ్చిన వారంలోనే దాని మీద నీటి బొట్లు జారడం మానేసి బట్టలోకి ఇంకిపోవడం మొదలైంది. సాఫ్ట్‌నర్ లేకుండా రెండోసారి శుభ్రంగా కడిగి, లేబుల్ అనుమతించింది కాబట్టి డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద ఆరబెడితే, పూత చాలావరకు తిరిగి పనిచేసింది.