పెరట్లో ఎవరెవరున్నారో చూసుకున్నారా? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం మొక్కల గురించి, మిగతా సగం ఆ మొక్కల్లో దూరిన వాళ్ళ గురించి. ఊరి చివర ఇల్లు కట్టుకుంటే ఇంతే మరి, ప్రహరీ గోడ మనకే గానీ ఉడుతకి కాదు కదా. ఒకేలాంటి ప్రశ్నలు నలుగురు అడిగితే కలిపేసి ఐదు చేశాను.

ప్రశ్న: అక్కా, ఇంటి వెనక కొంచెం ఖాళీ జాగా ఉంది, ఈ వసంతంలో దాన్ని తోటగా చేద్దామని మా ఆయనా నేనూ కూర్చుని లిస్ట్ రాసుకున్నాం, గన్నేరు, లిల్లీ, ఓ మూల సైకస్ పామ్, ఎరువుగా ఆముదం పిండీ బోన్ మీలూ. మాకు రెండేళ్ళ లాబ్రడార్ ఉంది, పిల్లి కూడా ఉంది. పోయినేడు నాటిన నారంతా మా వాడు రాత్రికి రాత్రే తవ్వి పోశాడు, ఇక పిల్లైతే మెత్తగా చేసిన పాదు కనిపిస్తే చాలు, బాత్రూమ్ అనుకుంటుంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ లిస్ట్ చదివి నాకు గుండె ఆగినంత పనైంది. మీరు రాసిన మొక్కలన్నీ ఏరి కోరి విషాలే! గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ గుండె మీద పనిచేసే విషమే, ఎండిన ఆకు కూడా అంతే. సైకస్‌లో గింజలు మరీ ఘోరం, కుక్క నమిలితే లివర్ పోతుంది. లిల్లీ సంగతి పిల్లులున్న ఇంట్లో అసలు ఎత్తకూడదు, పుప్పొడి ఒంటికి అంటుకుని అది నాక్కున్నా, పూలు పెట్టిన వాజ్‌లో నీళ్ళు తాగినా, రెండు మూడు రోజుల్లో కిడ్నీలు దెబ్బతింటాయి. (పీస్ లిల్లీ వేరే జాతి, దానితో నోరు మండుతుంది, చొంగ కారుస్తుంది, అంతవరకే. పేర్లు ఒకటేలా ఉండి జనాన్ని గందరగోళ పెడుతున్నాయి.)

అసలు నాకు భయం వేసింది ఎరువు దగ్గర. ఆముదం గింజలో రైసిన్ అనే విషం ఉంటుంది, సరిగ్గా వేడి చేసి విరవకపోతే అది పిండిలోనూ మిగులుతుంది. పైగా ఆ వాసన కుక్కలకి మహా ఇష్టం. బోన్ మీల్ అంటే ఎముకల పొడే కదా, మట్టిలో కలిపి పైన మొక్క నాటితే కుక్కకి అది తవ్వి తీసుకోమని పిలిచినట్టే. పోయినేడు కూడా ఇదే ఎరువు వేసి ఉంటే, మీ నారు ఎందుకు పోయిందో ఇప్పుడు అర్థమైందనుకుంటా. బాగా మాగిన కంపోస్ట్ వేసుకోండి, దాంట్లో తవ్వి తీసేంత వాసన ఉండదు. పూలకి గులాబీ, మల్లె, జీనియా, పొద్దుతిరుగుడు పెట్టుకోండి, వీటితో పేచీ లేదు.

ఇంకో మాట, ప్లాన్ గీసే ముందు ఒక వారం మీ వాడు ఎటు తిరుగుతున్నాడో ఊరికే చూడండి. కుక్కలు గోడ వెంబడి ఒకటే దారిలో కాపలా తిరుగుతాయి, ఆ దారిలో గడ్డి నలిగి గీతలా కనిపిస్తుంది. ఆ గీత మీద మొక్క పెట్టారంటే ఆ మొక్క పని అయిపోయినట్టే, కాబట్టి అక్కడ గులకరాళ్ళు పోసి దారిగా వదిలేయండి. నీడలో ఓ మూల ఇసుక పోసి అందులో దాని బొమ్మ పాతిపెడితే తవ్వుడు సరదా అక్కడే తీరుతుంది. పిల్లికైతే పాదుల్లో మట్టికి కాస్త కింద కోళ్ళ జాలీ పరవండి, మొక్క పైకి వస్తుంది, గోరు లోపలికి పోదు. పిల్లి రెట్టలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు, అది బయటికొచ్చిన ఒకటి నుంచి ఐదు రోజుల్లో అంటుకునే స్థితికి వస్తుంది, అందుకని రోజుకోసారి తీసేయండి. ఇంట్లో గర్భిణులుంటే ఆ పని వాళ్ళకి అప్పజెప్పొద్దు.

ప్రశ్న: మేడమ్, కుండీల వెనక పొడుగాటి పాము కనిపించింది, జెర్రిపోతు అంటున్నారు, నాగుపాము అని ఇంకొకరు. రాకుండా ఉండాలని నాఫ్తలీన్ ఉండలు చుట్టూ వేశాం. కుక్క వాటి దగ్గరికెళ్ళి ఒకటే వాసన చూస్తోంది.

జవాబు: ముందు ఆ ఉండలన్నీ ఏరేయండి, ఇది చదవడం ఆపి మరీ వెళ్ళి ఏరండి. వాటికి పాములు ఆగవు, కుక్క ఒకటి మింగితే మాత్రం రక్తంలో ఎర్ర కణాలు చితికిపోతాయి. పాము మీ కోసం రాలేదండీ, ఎలుకల కోసం వచ్చింది. ఆ ఎలుకలు రాత్రంతా బయటే ఉంచిన కుక్క గిన్నె కోసం, పిట్టలకి చల్లిన గింజల్లో కింద పడిన వాటి కోసం వచ్చాయి. సాయంత్రం గిన్నె లోపల పెట్టేయడం అన్నిటికంటే పెద్ద మందు. ఇటుకల కుప్ప, కట్టెలు, పాత కుండీల దొంతర ఉంటే నేల మీద నుంచి ఓ అడుగు ఎత్తున పెట్టండి, అడుగు భాగం కనిపిస్తుంటే అక్కడ ఎవరూ కాపురం పెట్టరు. తలుపు కింద సందుకి రబ్బర్ పట్టీ వేయించండి.

అది జెర్రిపోతా నాగుపామా అని దగ్గరికెళ్ళి తేల్చే పని మీకెందుకు? కుక్కని లోపలికి తీసుకెళ్ళి, దూరం నుంచి ఒకళ్ళు కన్నేసి ఉంచండి, పాములు పట్టడం వచ్చిన వాళ్ళని పిలవండి. ఒకవేళ కుక్కని కాటేస్తే (ఎక్కువగా మూతి మీదో ముందు కాలి మీదో పడుతుంది, వాపు వచ్చేస్తుంది) గట్టిగా కట్టడం, కోయడం ఏదీ చేయొద్దు. నడిపించకుండా ఎత్తుకుని వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి, యాంటీవెనమ్ ఉందో లేదో దారిలోనే ఫోన్ చేసి కనుక్కోండి.

ప్రశ్న: గోడ పక్క పొదలోంచి పిట్ట పిల్ల కింద పడింది. చేత్తో ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందంటారు కదా? మా పిల్లి అక్కడే కాచుకుని కూర్చుంది.

జవాబు: ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది ఉత్త మాట. ఒంటి మీద ఈకలు లేకుండా ఎర్రగా ఉంటే మెల్లగా గూట్లో పెట్టేయండి. ఈకలొచ్చి, తోక పొట్టిగా ఉండి, గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి పక్క కొమ్మ మీదే అరుస్తూ ఉంటుంది. ఆ పిల్లని తీసుకొచ్చి డబ్బాలో పెట్టి పాలు పోసి, అయ్యో చచ్చిపోయిందని బాధపడేవాళ్ళు నాకు ప్రతి ఏడాదీ రాస్తారు. దాన్ని వదిలేసి పిల్లిని లోపల పెట్టండి, ఓ నాలుగైదు రోజులు.

పిల్లి వేట గురించి చాలామంది గంట కట్టమంటారు. 2021లో ఇంగ్లాండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు అచ్చు వేసిన అధ్యయనంలో గంట వల్ల చెప్పుకోదగ్గ తేడా ఏం కనబడలేదు. మాంసం ఎక్కువున్న తిండి పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చిన వేట 36 శాతం తగ్గింది, రోజూ ఐదు పది నిమిషాలు వేటాడినట్టు ఆడిస్తే 25 శాతం తగ్గింది. ఆడించడానికి డబ్బులేం కావు కదా, ఓ తాడుకి ఈక కట్టండి చాలు. అన్నట్టు పొదలు కత్తిరించే పనుంటే గూళ్ళు కట్టకముందే చేసుకోండి, ఇప్పుడు కత్తెర పట్టుకునే ముందు లోపలికి ఓసారి తొంగి చూడండి.

ప్రశ్న: ఎలుకలు దుంపలన్నీ కొరికేస్తున్నాయి, మందు పెడదామనుకుంటున్నా. కుక్కకి అందకుండా ఎత్తులో పెడితే సరిపోతుందా?

జవాబు: తమ్ముడూ, నేనూ ఇలాగే అనుకున్నాను. ఓ ఏడు పక్కవాళ్ళెవరో పెట్టిన మందు తిన్న ఎలుకని మా కుక్క ఎక్కడో పట్టి తిన్నట్టుంది, మేం చూడలేదు. మూడు రోజులు మామూలుగానే తిరిగింది, తోక కూడా ఊపింది. నాలుగో రోజు పొద్దున లేవలేదు, పెదవి పైకెత్తి చూస్తే చిగుళ్ళు తెల్ల కాగితంలా ఉన్నాయి. బ్రోమాడయొలోన్ లాంటి మందులు ఇలాగే పనిచేస్తాయి, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె ని శరీరం మళ్ళీ వాడుకోకుండా ఆపేస్తాయి. పాత నిల్వ అయిపోయేదాకా ఏమీ తెలీదు, తర్వాత లోపల్లోపలే రక్తం కారుతుంది. మాది బతికింది, దాదాపు నెల రోజులు విటమిన్ కె1 మాత్రలు వేశాం.

ఇందులో ఇంకో నష్టం ఉంది. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, మత్తుగా రోజుల తరబడి అటూ ఇటూ తిరుగుతుంది, దాన్ని పట్టడం గుడ్లగూబకి చాలా తేలిక. అంటే మీ ఎలుకల్ని ఊరికే పట్టిపెడుతున్న పక్షికే మీరు విషం పెడుతున్నట్టు, పిల్లలున్న రోజుల్లో ఒక్క రాత్రిలో ఆ జంట ఎన్ని ఎలుకల్ని మోసుకెళ్తుందో మీరు చూస్తే ఆ ప్యాకెట్ వెనక్కి ఇచ్చేస్తారు. బోను పెట్టండి, కలుగులు మూయండి, కంపోస్ట్ డబ్బాకి అడుగున సన్న జాలీ కొట్టించండి. ఇప్పటికే మీ కుక్క మందు తినేసిందని ఏ మాత్రం అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా ప్యాకెట్‌తో సహా డాక్టర్ దగ్గరికెళ్ళండి.

(ఇదే ఊపులో: కుక్కల పిడుదులకి వేసే పెర్మెత్రిన్ మందు పిల్లికి వేయకండి, కొంచెం కదా అని కూడా. పిల్లి లివర్ దాన్ని విరగ్గొట్టలేదు, వణుకు పట్టుకుంటుంది. కుక్కకి వేసినా అది ఆరేదాకా పిల్లిని దూరంగా ఉంచాలి.)

ప్రశ్న: నిమ్మ మొక్కకి కొత్త చిగుళ్ళు వచ్చాయి, వాటి మీద పిట్ట రెట్టలు పడ్డాయి అనుకుంటే అవి కదులుతున్నాయి! ఏం కొట్టాలి?

జవాబు: ఏం కొట్టకండి. నిమ్మ సీతాకోకచిలుక పిల్లలవి. చిన్నప్పుడు నల్లగా మధ్యలో తెల్లగా అచ్చం రెట్టలాగే ఉంటాయి, పిట్ట చూసినా వదిలేస్తుంది. కొన్నాళ్ళకి ఆకుపచ్చగా లావుగా అవుతాయి, అప్పుడు పుల్లతో మెల్లగా తాకి చూడండి, తల వెనక నుంచి పాము నాలుకలా రెండు చీలికల కొమ్ము బయటికొస్తుంది, దాంతో పాటు ఓ ఘాటు వాసన. మొక్క ముదిరినదైతే కొన్ని ఆకులు పోయినా ఏం కాదు, చిన్న మొక్క అయితే పది పురుగుల్ని ఏరి పెద్ద చెట్టు మీదికి మార్చేయండి.

చివరికి ఆ పురుగు, సీతాకోకచిలుకగా మారే ముందు దశలో, కొమ్మకి ఆనుకుని, నడుముకి ఒకటే ఒక దారప్పోగు కట్టుకుని వేలాడుతుంది. పోయినేడు మా నిమ్మ మీద ఒకటి అలా వేలాడింది, మా పిల్లి దాని పక్కనే వారం రోజులు కునుకు తీసింది, ఒక్కసారి కూడా పంజా ఎత్తలేదు, ఆకు అనుకుందో ఏమో.