పుర్రె ఎక్స్‌రే: ముందు గీత, తర్వాత డిగ్రీ

రేడియోగ్రఫీ విద్యార్థులు పుర్రె పొజిషనింగ్ మీద పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: టౌన్స్ వ్యూకి (తల వెనక ఎముకను చూపే పొజిషన్) ఒక పుస్తకంలో 30 డిగ్రీలని ఉంది, ఇంకో పుస్తకంలో 37 అని ఉంది. పరీక్షలో ఏది రాయాలి?

జవాబు: రెండూ సరైనవే. కాకపోతే ఏ గీత నుంచి కొలిచారో రాయకుండా అంకె ఒక్కటే రాస్తే రెండూ తప్పే. కంటి బయటి కొస నుంచి చెవి రంధ్రం దాకా గీసుకునేది ఆర్బిటోమియాటల్ లైన్. కంటిగుంత కింది అంచు నుంచి అదే చెవి రంధ్రానికి గీసుకునేది ఇన్‌ఫ్రాఆర్బిటోమియాటల్ లైన్. ఈ రెండింటి మధ్య తేడా సుమారు 7 డిగ్రీలు. పేషెంట్ గడ్డాన్ని బాగా కిందికి వంచగలిగితే మొదటి గీతను డిటెక్టర్‌కి లంబంగా పెట్టి ట్యూబ్‌ని 30 డిగ్రీలు కాడల్‌గా (కాళ్ళ వైపుకి) వంచుతాం. మెడ అంతగా వంగని వారికి రెండో గీతను లంబంగా పెడతాం. అక్కడ తగ్గిన 7 డిగ్రీలను ట్యూబ్‌కి కలిపితే 37 అవుతుంది.

సెంటర్ పాయింట్ నడిగీత మీద, కనుబొమల మధ్య నుంచి 6.5 సెం.మీ. పైన. ఫిల్మ్ వచ్చాక ముందు ఫొరామెన్ మాగ్నమ్ (పుర్రె అడుగున ఉండే పెద్ద రంధ్రం) వెతకండి. పిట్యూటరీ గ్రంథి ఉండే గుంత పేరు సెల్లా; దాని వెనక గోడ డోర్సమ్ సెల్లా, ఆ గోడ పై మూలలైన పోస్టీరియర్ క్లినాయిడ్లు ఆ రంధ్రం లోపల కనిపిస్తే పని కుదిరినట్టే. అవి రంధ్రానికి పైన ఉండిపోతే ట్యూబ్ వంపైనా, మెడ వంపైనా చాలలేదు. మరీ కిందికి జారి మొదటి మెడపూస వెనక కమాను మీద పడితే వంపు ఎక్కువైంది.

ప్రశ్న: కాల్డ్‌వెల్ వ్యూలో (ముఖం డిటెక్టర్ వైపు పెట్టి తీసేది) ట్యూబ్ 15 డిగ్రీలే పెట్టాను. అయినా పెట్రస్ రిడ్జ్‌లు (చెవి లోపలి భాగాలుండే గట్టి ఎముక గట్లు) కంటిగుంతల్ని నిండా కప్పేశాయి. ట్యూబ్ తప్పా, నా తప్పా?

జవాబు: ట్యూబ్‌ని అనుమానించే ముందు గడ్డం వైపు చూడండి. ముక్కు, నుదురు బల్లకి ఆనగానే ఆర్బిటోమియాటల్ లైన్ లంబంగా కుదిరిందని చాలామంది అనుకుంటారు. ముక్కు పొడవు, నుదుటి వాలు అందరికీ ఒకేలా ఉండవు కదా! పక్కకి వచ్చి, కంటి కొసనీ చెవి రంధ్రాన్నీ చూసి గీతను సరిచేయాలి.

పెట్రస్ రిడ్జ్‌లు ఎక్కడ పడ్డాయో చూస్తే ఎంత తేడా వచ్చిందో ఫిల్మే చెబుతుంది. ఆ గీత లంబంగా ఉండి ట్యూబ్ 0 డిగ్రీల్లో ఉంటే అవి కంటిగుంతల్ని నింపేస్తాయి. 15 డిగ్రీల కాడల్ వంపుతో గుంత కింది మూడో వంతులోకి దిగుతాయి. 25 నుంచి 30 డిగ్రీలైతే గుంత కింది అంచు దాటి పోతాయి. మీ ఫిల్మ్‌లో ట్యూబ్ 15 దగ్గర ఉన్నా ఫలితం 0 డిగ్రీలదిలా ఉందంటే, గడ్డం ఛాతీ వైపు ఎక్కువగా ముడుచుకుపోయింది. గడ్డం కొంచెం ఎత్తితే రిడ్జ్‌లు దిగుతాయి. రెండోసారి తీసేటప్పుడు ట్యూబ్ వంపునీ గడ్డాన్నీ రెండింటినీ మార్చకండి. ఏ మార్పు పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఇంకో సంగతి. పేషెంట్‌ని వెల్లకిల పడుకోబెట్టి ఏపీగా (బీమ్ ముందు నుంచి వెనక్కి) తీసేటప్పుడు వంపు దిశ తిరగబడుతుంది: 15 డిగ్రీలు సెఫాలిక్ (తల వైపుకి). అలవాటుగా కాడల్ ఇచ్చేసి, రిడ్జ్‌లు పైకి పోయాయని తలపట్టుకునేవారు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వీలైతే పీఏకే (బీమ్ వెనక నుంచి ముందుకి) మొగ్గు చూపండి. కంటి లెన్స్‌కి డోసు తగ్గుతుంది.

ప్రశ్న: పుర్రెలో ఎముకలు 22 అంటారు. విడదీసి గుర్తుపెట్టుకునేదెలా?

జవాబు: మెదడు పెట్టెలో 8: ఫ్రాంటల్, ఆక్సిపిటల్, స్ఫీనాయిడ్, ఎత్మాయిడ్ ఒక్కొక్కటి, పెరైటల్, టెంపొరల్ రెండేసి. మిగతా 14 ముఖానివి. వాటిలో జత లేనివి వోమర్, కింది దవడ మాత్రమే. చెవి లోపలి చిన్న ఎముకలు ఈ లెక్కలోకి రావు.

ప్రశ్న: లాటరల్ వ్యూలో (పక్క నుంచి తీసేది) అన్నీ రెండేసి గీతలుగా వస్తున్నాయి. తల వాలిందా, తిరిగిందా? ఎలా తెలుసుకోవాలి?

జవాబు: జంట గీతలు ఏ దిశలో విడిపోయాయో చూడండి. కంటిగుంతల పైకప్పులు ఒకదానిపై ఒకటి పైకీ కిందికీ విడిపోతే తల వాలింది. అంటే రెండు కనుపాపల్ని కలిపే గీత డిటెక్టర్‌కి లంబంగా లేదు. కింది దవడ రేమస్‌లు (నిలువు భాగాలు), స్ఫీనాయిడ్ పెద్ద రెక్కలు ముందుకీ వెనక్కీ విడిపోతే తల తిరిగింది. అంటే నడితలం (తలను కుడి, ఎడమలుగా విడదీసే తలం) డిటెక్టర్‌కి సమాంతరంగా లేదు. రెండూ కలిసి వచ్చే ఫిల్ములే ఎక్కువ. ముందు వాలుని సరిచేసి, తర్వాత తిరుగుడు చూసుకోండి.

కారణం చాలాసార్లు తలలో కాదు, ఒంట్లో ఉంటుంది. బోర్లా పడుకుని తల పక్కకి తిప్పినప్పుడు, సన్నటి మనిషికి ఛాతీ కింద మెత్త పెడితే మెడ నిటారుగా నిలుస్తుంది. లావుపాటి మనిషికైతే తల కిందే ఎత్తు కావాలి. ముఖానికి ఎదురుగా నిలబడి కనుపాపల గీతనీ, నడినెత్తి వైపు నుంచి నడితలాన్నీ చూడండి. ఒక్కచోటే నిలబడి రెండూ అంచనా వేస్తే తప్పు జరుగుతుంది.

సెంటరింగ్ చెవి రంధ్రానికి 5 సెం.మీ. పైన. సెల్లా కోసమైతే అదే రంధ్రం నుంచి 2 సెం.మీ. ముందుకి, 2 సెం.మీ. పైకి. అన్నట్టు, జంట గీతలు పూర్తిగా ఒకటైపోవాలని పట్టుబట్టి మళ్ళీ మళ్ళీ తీయకండి. డిటెక్టర్‌కి దూరంగా ఉన్న వైపు కొంచెం పెద్దగా పడటం సహజమే.

ప్రశ్న: వాటర్స్ వ్యూలో (గడ్డం ఎత్తి తీసేది) మాక్సిలరీ సైనస్‌ల (బుగ్గల వెనక గాలి గదుల) కింది భాగం తెల్లగా వస్తోంది. అది జబ్బా?

జవాబు: ముందు పొజిషన్‌ని అనుమానించండి. గడ్డం సరిగా ఎత్తకపోతే పెట్రస్ రిడ్జ్‌లు సైనస్‌ల కింది భాగం మీద పడతాయి. గడ్డం నుంచి చెవి రంధ్రానికి గీసిన గీత డిటెక్టర్‌కి లంబంగా ఉంటే ఆర్బిటోమియాటల్ లైన్ డిటెక్టర్‌తో 37 డిగ్రీలు చేస్తుంది, రిడ్జ్‌లు సైనస్‌ల అడుగుకి కాస్త కిందికి చేరతాయి. మరీ ఎత్తితే సైనస్‌లు కుదించుకుపోయినట్టు వస్తాయి. సైనస్‌లో ద్రవం మట్టం కనిపించాలంటే పేషెంట్ కూర్చుని లేదా నిలబడి ఉండాలి, బీమ్ అడ్డంగా రావాలి.

ప్రశ్న: మెడకి కాలర్ ఉన్న ప్రమాదపు కేసులో పుర్రె ఎక్స్‌రే అడిగితే?

జవాబు: తల గాయానికి సీటీనే మొదటి పరీక్ష. లోపలి రక్తస్రావం మామూలు ఎక్స్‌రేలో కనిపించదు. అయినా తీయాల్సి వస్తే కాలర్ తీయకండి, తల కదపకండి. లాటరల్‌కి పేషెంట్ వెల్లకిలే ఉంటారు. డిటెక్టర్‌ని తల పక్కన నిలబెట్టి బీమ్‌ని అడ్డంగా పంపాలి. డిటెక్టర్ కింది అంచు బల్ల మట్టానికి కనీసం 2.5 సెం.మీ. కిందికి ఉండాలి, లేకపోతే తల వెనక భాగం తెగిపోతుంది. ఈ అడ్డ బీమ్‌కి ఒక అదనపు ప్రయోజనం ఉంది: పుర్రె అడుగు విరిగితే స్ఫీనాయిడ్ సైనస్‌లో చేరే ద్రవం మట్టం కనిపించవచ్చు. పైనుంచి నిలువుగా వచ్చే బీమ్‌తో అది దొరకదు.

ఏపీ వ్యూలకి తలని సరిచేయలేం కాబట్టి ట్యూబ్‌నే గీతకి సరిచేయాలి. ముందు బీమ్‌ని ఆర్బిటోమియాటల్ లైన్‌కి సమాంతరంగా తెచ్చి, అక్కడి నుంచి 15 డిగ్రీలు సెఫాలిక్ ఇస్తే కాల్డ్‌వెల్‌కి సాటి వ్యూ; 30 కాడల్ ఇస్తే టౌన్స్. మొత్తం వంపు 45 డిగ్రీలు దాటనివ్వకండి, ఆకారాలు సాగిపోతాయి. మెడ సురక్షితమని డాక్టర్ తేల్చేదాకా సబ్‌మెంటోవర్టెక్స్ వ్యూ (తల బాగా వెనక్కి వంచి, గడ్డం కింది నుంచి నడినెత్తి వైపు బీమ్ పంపేది) జోలికి మాత్రం వెళ్ళకండి.