గేర్‌బాక్సు వెనకాల డమ్మీ మార్చే పనిలో మా వాడికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో మోటార్ మెకానిక్ రెండేళ్లు చదివి, ఆరు నెలలుగా విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చేస్తున్నాడు. మొన్న ఒక లారీ ఇంజన్ వెనక రంధ్రం మూసే డమ్మీ బిళ్ల దగ్గర నీళ్లు కారుతున్నాయని గేర్‌బాక్సు దించారట. సన్న చేతులని వీణ్ణి లోపలికి పంపారు. మొదట బిగించింది వంకరగా దిగి మళ్లీ కారింది, తిట్లు తిన్నాడు. రెండు రోజుల తర్వాత కోసుకుపోయిన చేతులతో ఇంటికొచ్చాడు. అయినా అన్నం తింటున్నంతసేపూ ఆ కథే చెప్పాడు. మాన్పించి కంప్యూటర్ కోర్సులో వేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?

జవాబు: నమస్కారమండీ. మాన్పించకండి. అన్నం దగ్గర వాడు చెప్పిన కథే నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. తిట్లు తిన్న పని గురించి అంత ఇష్టంగా చెప్పే పిల్లవాడికి ఆ పని పట్టుబడుతోందని అర్థం.

వాడు చేసింది చిన్న పనేమీ కాదు. ఇంజన్ బ్లాకు పోత పోసేటప్పుడు లోపలి ఇసుక తీయడానికి మిగిలే రంధ్రాలను మూసే రేకు బిళ్లలే ఈ డమ్మీలు. చలిదేశాల వాడుకలో వీటికి ఫ్రీజ్ ప్లగ్గులని పేరు. మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కానీ, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తూపోతే లోపలినుంచి తుప్పు తినేస్తుంది. పక్కనుండే డమ్మీ అయితే సులువే. ఇంజన్ వెనకుండే బరువైన చక్రం, అదే ఫ్లైవీలు, దాని వెనక దాక్కున్నదానికి గేర్‌బాక్సు, క్లచ్చి, ఫ్లైవీలు అన్నీ విప్పాలి. పాత బిళ్లను అంచు మీద పంచితో కొడితే అడ్డం తిరుగుతుంది, అప్పుడు పట్టకారుతో లాగాలి. నడిమధ్యన గట్టిగా కొడితే లోపల నీళ్ల దారిలో పడిపోతుంది. రంధ్రం అంచును ఎమెరీ కాగితంతో రుద్ది, పలచగా సీలెంట్ రాసి, బిళ్ల గిన్నెలో సరిగ్గా పట్టే సాకెట్ పెట్టి నిటారుగా దించాలి. సుత్తి ఊపడానికి చోటు లేకపోతే సాకెట్‌కు పొడవాటి ఎక్స్‌టెన్షన్ తగిలించి బయటినుంచి కొడతారు. కాస్త పక్కకు ఒరిగినా, మీ వాడికి జరిగినట్టే, మళ్లీ కారుతుంది. నట్టు బిగిస్తే ఉబ్బే రబ్బరు ప్లగ్గులూ ఉన్నాయి. బండిని అప్పటికి గట్టెక్కించడానికి తప్ప వాటిని నమ్ముకోకూడదు.

ఒక్క మాట మీ వాడిని అడిగి చూడండి: గేర్‌బాక్సు దించినప్పుడు మిగతా డమ్మీలు, క్రాంకు వెనక ఆయిల్ సీలు, క్లచ్చి ప్లేటు కూడా చూశారా? ఒకే వయసు బిళ్లలు, ఒకే నీళ్లు. ఒకటి తూట్లు పడితే మిగతావీ దగ్గర్లోనే ఉంటాయి. ఇప్పుడు వదిలేస్తే రేపు మళ్లీ అంతా విప్పాలి. ఈ ఆలోచన వచ్చిన కుర్రాడినే షెడ్డు ఓనరూ లారీ యజమానీ పేరు పెట్టి అడుగుతారు. రాకపోతే వాడు ఎన్నేళ్లయినా స్పానర్లు అందిస్తూనే ఉంటాడు.

కాబట్టి మీరు కనిపెట్టాల్సింది షెడ్డును. ఎందుకు వంకరగా దిగిందో మేస్త్రీ చూపించాడా, లేక తిట్టి వదిలేశాడా? నేర్పని చోటయితే మార్చండి, వృత్తిని మాత్రం మార్చకండి. అప్రెంటిస్‌షిప్ చేయించండి. ఆర్టీసీ డిపోల్లోనూ, కంపెనీ సర్వీసు సెంటర్లలోనూ ఐటీఐ పిల్లలను తీసుకుంటారు. స్టైపెండు వస్తుంది, చివర పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ చేతికొస్తుంది. చదువు మీద మనసుంటే పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరే లేటరల్ ఎంట్రీ దారి ఉంది, ఆ తర్వాత ఈసెట్ రాసి బీటెక్‌కూ వెళ్లొచ్చు.

కంప్యూటర్ కావాలంటే వాడి పనిలోనే ఉంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక లారీ నిండా సెన్సర్లే. స్కానర్ పెట్టి బండి చూపే లోపం కోడ్ చదవడం, వైరింగ్ బొమ్మ చూసి తీగ పట్టుకోవడం నేర్పించండి. రేపు ఎలక్ట్రిక్ బండ్లొచ్చినా ఆ విద్య వృథా పోదు.

తుప్పు రేకు కోసిన గాయాలన్నారు. టీటీ ఇంజెక్షన్ వేయించకపోతే ముందు ఆ పని చూడండి. పంచి కొట్టేటప్పుడు పెట్టుకోవడానికి ఒక జత కళ్లద్దాలు కూడా కొనివ్వండి.