బీరువా కదపకండి, కేసు దాని కిందే ఉంది

ప్రశ్న: మాది విజయవాడ, మొగల్రాజపురం. 2009లో నాన్నగారు ఎంతో ఇష్టపడి హాల్లో ఓక్ పార్కే (ఓక్ చెక్క పలకల నేల) వేయించారు. అరిగి మచ్చలు పడితే మళ్లీ కొత్తదిలా చేస్తామని గుంటూరు షాపు వాళ్లు 1,80,000 రూపాయలు తీసుకున్నారు. లక్ష నగదు (రశీదు లేదు), మిగతాది ఫోన్‌పే. 2024 ఆగస్టు 20న పని ముగిసింది. మెషీన్‌తో గీకేయడంతో చాలాచోట్ల ఓక్ పోయి ప్లైవుడ్ బయటపడింది. ఏడాదిన్నరగా ‘వచ్చి చేస్తాం సార్’ అని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. నాన్నగారు పోయాక ఆయన బీరువాను మేం కదపలేదు, పని జరిగినప్పుడు కూడా. ఆ నేల చూస్తే ఏడుపొస్తోంది. ఇంకో మేస్త్రీ 60 వేలకు మళ్లీ గీకి, రంగు వేసి సరిచేస్తానంటున్నాడు. షాపు వాళ్లపై చీటింగ్ కేసు పెట్టవచ్చా?

జవాబు: పని జరిగినప్పుడు కూడా బీరువా కదపలేదని రాశారు. మీ కేసు తేలేది అక్కడే.

కింద ప్లైవుడ్ ఉందంటే మీది పైన ఓక్ పొర అంటించిన ఇంజనీర్డ్ ఫ్లోరింగ్. ఆ పొర మామూలుగా 2 నుంచి 6 మిల్లీమీటర్లు ఉంటుంది. గీకే ముందు ఎంత మిగిలిందో చూసుకోవడం పనివాళ్ల బాధ్యత. ‘అప్పటికే అరిగిపోయింది, ముందే చెప్పాం’ అని వాళ్లు వినియోగదారుల కమిషన్‌లో అంటారు. సేవలో లోపం ఉందని రుజువు చేయాల్సింది మీరు. మెషీన్ తగలని బీరువా కింద పొర ఎంత ఉందో, హాల్లో ఎంత మిగిలిందో కొలిస్తే ఆ వాదన నిలబడటం కష్టం. నడక వల్ల పోయేది ముందుగా పైపూత, అదీ నడిచే దారిలో. గీకే శాండింగ్ మెషీన్ ఒకేచోట ఆగితే పడే గుంటలు వేరుగా తెలుస్తాయి.

అందుకే ఆ 60 వేల మేస్త్రీని ఇంట్లో అడుగు పెట్టనివ్వకండి. అతను ఒక్కసారి మెషీన్ తిప్పితే ఎవరు ఎంత గీకారో ఇక ఎవరూ చెప్పలేరు. మీ కేసును మీరే చెరిపేసుకున్నట్టు.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019, 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. మీ విషయంలో అది 2026 ఆగస్టు 20తో ముగుస్తుంది. ‘వస్తాం సార్’ మెసేజీలకు గడువు ఆగదు. లీగల్ నోటీసు ఇచ్చినా, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పినా ఆగదు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

లక్ష రూపాయలు నగదు ఇచ్చి రశీదు అడగకపోవడం ఏమిటండీ? ఇప్పుడు ఆ రోజుల్లో బ్యాంకు నుంచి డబ్బు తీసిన స్టేట్‌మెంట్ వెతకండి. మొత్తం ముట్టిందని వాళ్లు ఒప్పుకున్న మెసేజీ ఉంటే అది బంగారం. ఆ ఫోన్ మార్చవద్దు, చాట్ చెరపవద్దు. వాట్సాప్ సందేశాలతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే ధ్రువపత్రం) కూడా దాఖలు చేయాలి. 2009 నాటి ఫ్లోరింగ్ బిల్లు దొరికితే మరీ మంచిది.

చీటింగ్ కేసు వద్దు. మొదటి నుంచీ మోసం చేయాలన్న ఉద్దేశం ఉంటేనే అది నిలుస్తుంది, పని పాడుచేయడం దానికి సరిపోదు. స్టేషన్ చుట్టూ తిరిగేలోపు గడువు దాటిపోతుంది.

ముందు ఒక సివిల్ ఇంజనీరును పిలిచి, ఆయన ఎదుటే బీరువా జరిపి, స్కేలు పెట్టి ఫొటోలు తీయించి, కొలతలతో నివేదిక రాయించండి. మార్చడానికి అయ్యే ఖర్చుకు వేరే షాపు నుంచి రాతపూర్వక ఎస్టిమేట్ తీసుకోండి. రిజిస్టర్డ్ పోస్టులో 15 రోజుల నోటీసు ఇవ్వండి. షాపు గుంటూరులో ఉన్నా, మీరు నివసించే విజయవాడలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఫిర్యాదుతో పాటే, నేల ఉన్నది ఉన్నట్టు నమోదు చేయడానికి అడ్వకేట్ కమిషనర్‌ను (కమిషన్ తరఫున వచ్చి చూసి నివేదిక ఇచ్చే న్యాయవాదిని) నియమించమని పిటిషన్ వేయండి. ఆయన కొలతలు రాసుకున్నాక పాడైన పలకలు మార్పించుకోండి. ఈసారి బిల్లు తీసుకుని దాన్నీ దాఖలు చేయండి.