ప్రాగ్‌లో కమ్యూనిస్టు కాలం: విగ్రహాల కోసం వెతక్కండి, మెట్రో ఎక్కండి

"ప్రాగ్‌లో మూడు రోజులుంటాం, కమ్యూనిస్టు కాలపు ఆనవాళ్లు చూడాలని ఉంది, మ్యూజియం ఒక్కటి చూస్తే సరిపోతుందా?" అని అడిగారు. సరిపోదండీ. 1948 ఫిబ్రవరి నుంచి 1989 నవంబరు దాకా నలభై ఏళ్ల పైచిలుకు నడిచిన పాలన అది. విగ్రహాలూ వీధుల పేర్లూ ఒకటి రెండేళ్లలోనే చాలావరకు పోయాయి. పీకడానికి వీల్లేనివి మిగిలాయి: మెట్రో, వంతెన, కాంక్రీటు, ఉత్త దిమ్మ. వాటిని చూడటానికి టికెట్టు కొనక్కర్లేదు, ఎక్కడ నిలబడి చూడాలో తెలిస్తే చాలు.

24 గంటల ప్రయాణ టికెట్ తీసుకోండి. మెట్రోకీ ట్రాముకీ బస్సుకీ అదే చెల్లుతుంది. కాగితం టికెట్ అయితే మొదటి ప్రయాణానికి ముందు పసుపు పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి, అదీ ఒక్కసారే. మెట్రోలో గేట్లుండవు కాబట్టి చాలామంది ముద్ర సంగతి మరిచి నేరుగా దిగిపోతారు. కింద మామూలు దుస్తుల్లో తనిఖీ చేసేవాళ్లుంటారు. టికెట్ చేతిలో ఉన్నా ముద్ర లేకపోతే జరిమానా తప్పదు.

ముజేయుమ్ స్టేషన్ దగ్గర మొదలుపెట్టండి. జాతీయ మ్యూజియం ఎదుట కాలిబాట రాళ్లు ఉబ్బినట్టుండి, అందులోంచి కంచు సిలువ ఒకటి పైకి వస్తూ కనిపిస్తుంది. సోవియట్ ఆక్రమణ తర్వాతి పరిస్థితికి నిరసనగా 1969 జనవరి 16న ఒంటికి నిప్పంటించుకున్న విద్యార్థి యాన్ పాలఖ్, ఆ ఫిబ్రవరిలోనే అతని దారిలో వెళ్లిన యాన్ జయీట్స్, ఇద్దరి స్మారకమూ అదే. నేలకు సమానంగా ఉంటుంది కాబట్టి పైకి చూస్తూ నడిచేవాళ్లు దాటేస్తారు, కొందరు తొక్కేస్తారు కూడా. తర్వాత తలెత్తి మ్యూజియం స్తంభాలు చూడండి. 1968 ఆగస్టులో దేశాన్ని ఆక్రమించిన సోవియట్ సైనికుల తూటాలు తగిలిన గుర్తులు అక్కడున్నాయి. ఇటీవలి మరమ్మతుల్లోనూ వాటిని పూర్తిగా చెరిపేయలేదు. ఎండ పక్క నుంచి పడే వేళ బాగా తెలుస్తాయి. పక్కనే ఉన్న గాజూ ఉక్కూ కట్టడం ఒకప్పటి సమాఖ్య పార్లమెంటు. 1989 తర్వాత కొన్నేళ్లు, అమెరికా నిధులతో నడిచే రేడియో ఫ్రీ యూరప్ అందులోంచే ప్రసారాలు చేసింది. ఏ గొంతు వినబడకుండా ఆ ప్రభుత్వం తరంగాలను అడ్డుకుందో ఆ గొంతే చివరికి అక్కడికి అద్దెకొచ్చింది! అక్కణ్ణుంచి వినోహ్రాడ్‌స్కా వీధిలో పది నిమిషాలు నడిస్తే చెక్ రేడియో భవనం. 1968 ఆగస్టు 21న ఆ వీధిలో చనిపోయిన పౌరుల ఫలకం గోడమీద ఉంటుంది.

ఇక మెట్రో. మొదటి లైను, అంటే సి, 1974 మే 9న మొదలైంది. 1990 ఫిబ్రవరిలో స్టేషన్ల పేర్లు ఒక్కసారిగా మార్చేశారు. ఇప్పటి విషెహ్రాడ్ అప్పట్లో గాట్‌వాల్డొవా, డెయ్‌విట్స్కా లెనినొవా, హాయే కాస్మొనావ్‌టూ, ఆండ్యెల్ మొస్కెవ్‌స్కా. పాత పేర్లు ఫోన్‌లో రాసుకుని వెళ్తే ప్రయాణమే వేరుగా ఉంటుంది. విషెహ్రాడ్ దగ్గర రైలు నడిచేది నుస్లె వంతెన కడుపులో. దాని పటుత్వం పరీక్షించడానికి 66 ట్యాంకులు ఎక్కించారు. హాయేలో బయటికి రాగానే ఇద్దరు వ్యోమగాముల విగ్రహం ఉంది: 1978లో కలిసి అంతరిక్షానికి వెళ్లిన గుబరేవ్, రెమెక్. సోవియట్ యూనియన్, అమెరికా కాకుండా మూడో దేశం నుంచి అంతరిక్షానికి వెళ్లిన మొదటివాడు ఈ రెమెకే. చుట్టూ కనిపించేవన్నీ పానెలాకులు, అంటే ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు పలకలు తెచ్చి నిలబెట్టిన అపార్టుమెంట్లు. "అందవిహీనం" అని ఫొటో తీసి వచ్చేయకండి. ఇప్పటికీ లక్షల మంది చెక్‌లు ఇలాంటి ఇళ్లలోనే ఉంటున్నారు. కొత్త రంగులు కొట్టిన వాటి పక్కన రంగు వేయని బ్లాకు ఒకటి కనిపిస్తే రెంటినీ పోల్చి చూడండి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఆండ్యెల్. మాస్కోలో ప్రాగ్ పేరుతో ఒక స్టేషన్, ప్రాగ్‌లో మాస్కో పేరుతో ఒకటి, జంటగా 1985లో కట్టారు. "నా క్నీజెట్సీ" అనే చోటి వైపు బయటికి వెళ్లే దారి పట్టండి. సోవియట్-చెక్ మైత్రిని చూపే కంచు ఉబ్బుచిత్రాలు ఇంకా గోడలకే ఉన్నాయి. రెండో వైపు నుంచి బయటపడితే ఇవేవీ కనబడవు.

లెట్నా గుట్ట మీద పెద్ద మెట్రొనోమ్, అంటే సంగీతంలో లయ కొలిచే లోలకం, ఊగుతుంటుంది. అది 1991లో పెట్టింది, చూడాల్సింది దాని కింది రాతి దిమ్మను. 1955 మే 1న అక్కడ స్టాలిన్ స్మారకం ఆవిష్కరించారు. ఎత్తు 15.5 మీటర్లు. వెనక వరసగా మనుషులు నిలబడి ఉండటంతో ప్రాగ్ జనం దానికి "మాంసం క్యూ" అని పేరు పెట్టారు. శిల్పి ఒటకర్ ష్వెట్స్ ఆవిష్కరణకు ముందే ఆత్మహత్య చేసుకున్నాడు. 1962లో ప్రభుత్వమే దాన్ని పేల్చేసింది. నది వైపు నుంచి మెట్లెక్కి వెళ్తేనే దిమ్మ ఎంత పెద్దదో తెలుస్తుంది.

వీట్‌కోవ్ స్మారకంలో మొదటి కమ్యూనిస్టు అధ్యక్షుడు గాట్‌వాల్డ్ శవాన్ని 1953 నుంచి 1962 దాకా భద్రపరిచి ప్రదర్శించారు. దానికోసం కట్టిన నేలమాళిగ ఇప్పుడు మ్యూజియంలో భాగం. సోమవారం వెళ్లి మూసిన తలుపు చూసి రాకండి. ఊయెజ్డ్ దగ్గరి మెట్లమీద, కమ్యూనిస్టు పాలన బాధితుల స్మారకంగా నిలబెట్టిన కంచు బొమ్మలకు మాత్రం వేళాపాళా లేదు. పైకి పోయేకొద్దీ చేతులూ దేహమూ పోగొట్టుకున్న మనుషులు వాళ్లు. మెట్ల మధ్య పట్టీ మీద అంకెలు చదవండి: మరణశిక్ష అమలైనవారు 248, జైళ్లలో చనిపోయినవారు 4,500, సరిహద్దు దాటబోయి ప్రాణాలు కోల్పోయినవారు 327.

బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ పేరిట రాతలతో, రంగులతో నిండిన లెనన్ గోడకు ఎక్కువ సమయం ఇవ్వకండి. 1980ల్లో అది నిజంగానే ధిక్కారం, ఇప్పుడున్న రంగుల్లో ఎక్కువ భాగం యాత్రికులవే. దుకాణాల్లో ఎర్ర నక్షత్రం టోపీలకూ చెక్ చరిత్రకూ సంబంధం తక్కువ.

ఇంకో పూట దొరికితే ప్షీబ్రామ్ దగ్గరి వొయ్నా శిబిరానికి వెళ్లండి. యురేనియం గనుల్లో రాజకీయ ఖైదీలతో పనిచేయించిన చోటు. ముళ్లకంచె, కాపలా బురుజులు, శిక్షగది ఉన్నాయి. గేటుమీద "పనితో స్వేచ్ఛకు" అనే అర్థంలో రాత ఉంది, నాజీ శిబిరాల గేటు గుర్తుకు రాక మానదు. ప్రాగ్ నుంచి బస్సులు నా క్నీజెట్సీలో దొరుకుతాయి, అంటే ఆండ్యెల్ చూసి అటునుంచి అటే పోవచ్చు. ప్షీబ్రామ్ ఊళ్లోంచి శిబిరానికి సుమారు 5 కిలోమీటర్లు. శని, ఆదివారాల్లో లోకల్ బస్సులు పలచగా ఉంటాయి కాబట్టి తిరుగు బస్సు వేళ ముందే రాసుకోండి, లేకపోతే అడవి దారిలో నడకే గతి.

తెలుగువాళ్లకు ఆసక్తిగా ఉండే సంగతి ఒకటి: రామచంద్రపురం బీహెచ్ఈఎల్ మొదలైంది చెకోస్లోవేకియా సాంకేతిక సాయంతోనే. మనం "బాటా" అనే చెప్పుల కంపెనీ పుట్టిన ఊరు జ్లీన్, 1949 నుంచి దాదాపు నలభై ఏళ్లు గాట్‌వాల్డొవ్ అని పిలిపించుకుంది. ఫ్యాక్టరీ కట్టడాలు చూడొచ్చు, కానీ ప్రాగ్ నుంచి దూరం, ఒక్క పూటలో తేలదు. ఈ మూడు రోజుల్లో ఇరికించకండి.